వైరిపక్షపు గేదె

మా చైర్మన్ సత్యకిరీటి గారు ఐర్లాండు వెళ్ళింది చెత్త కోసం. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత జరిగినదాంట్లో చెత్త ఊసు మళ్ళీ రాదు. అక్కడి ఊళ్ళలో చెత్త ఎలా ఎత్తుతారో చూసి రమ్మని పదిమంది చైర్మన్లను పన్నెండు రోజులకు పంపించారు. నాలుగో రోజున వాన పట్టుకుందట. చెత్తకుప్పల దగ్గరికి వెళ్ళే వీల్లేక అందర్నీ ఒక మ్యూజియంలో కూర్చోబెట్టి, ఆ దేశపు విదేశాంగ విధానం మీద ఉపన్యాసం ఇప్పించారట. తొమ్మిదిమంది చక్కగా నిద్రపోయారు. మా చైర్మన్ మాత్రం మేలుకుని విన్నాడు. అదీ వేములకట్ట నగర పంచాయతీకి పట్టిన గ్రహం.

తిరిగొచ్చిన మర్నాడే స్టాఫ్ అందర్నీ హాల్లోకి పిలిచి, కళ్ళు మూసుకుని, తటస్థత అన్నాడాయన. రెండో ప్రపంచ యుద్ధంలో లోకమంతా రెండుగా చీలి కొట్టుకు చస్తుంటే ఆ చిన్నదేశం ఎటూ మొగ్గకుండా కూర్చుందట. ఆ యుద్ధాన్ని యుద్ధం అని కూడా అనలేదట, అత్యవసర పరిస్థితి అన్నారట. ఏ పక్షం విమానం తమ నేల మీద కూలినా పైలట్లను పట్టుకుని ఒకే చోట, మధ్యలో కంచె వేసి ఉంచారట. సాయంత్రానికి వచ్చేస్తామని మాటిచ్చి సంతకం పెడితే సైకిళ్ళిచ్చి బయటికి కూడా పంపేవారట. ఇప్పటికీ వాళ్ళ సైన్యం దేశం దాటి కదలాలంటే ప్రభుత్వం, పార్లమెంటు, ఐక్యరాజ్యసమితి, ఈ మూడు చోట్లా అనుమతి ఉండాలట.

"చిన్న దేశమయ్యా. ఎంత గౌరవం! మనదీ చిన్న ఊరే కదా," అన్నాడు.

ఇందులో చిక్కేమిటంటే, తటస్థంగా ఉండాలంటే పక్కన ఎవరో ఇద్దరు కొట్టుకోవాలి. మూడు వారాలు ఆయనకు సరైన తగాదా దొరకలేదు. ఏడో వార్డులో తోటికోడళ్ళిద్దరు కుళాయి దగ్గర జుట్లు పట్టుకుంటే ఆశగా వెళ్ళాడు గానీ, ఈయన వెళ్ళేసరికి వాళ్ళిద్దరూ ఒకే కంచంలో అన్నం తింటున్నారు. పాపం, చాలా నీరసపడిపోయాడు.

మార్చి నెలలో ఆయన కోరిక తీరింది. మా ఊరికి పడమర ఎగువ గుమ్మడూరు, తూర్పున దిగువ గుమ్మడూరు. కాలువ ముందు ఎగువకి వెళ్ళి, మా ఊరి మీదుగా దిగువకి పోతుంది. దాళ్వా వరి, అదే రెండో పంట, పొట్ట మీదున్న రోజులు, నీళ్ళు వంతులవారీగా వదులుతున్నారు. దిగువ వాళ్ళ వంతు వచ్చినా ఎగువ వాళ్ళు తమ తూము షట్టరు దించలేదు. అడగడానికి వెళ్ళినవాళ్ళకూ వీళ్ళకూ మాటా మాటా పెరిగి, ఇద్దరికి తలలు పగిలాయి, ఒక మోటారుసైకిలు కాలువలో పడింది.

ఆ షట్టరు తాళం చెవి ఉన్నది ఎగువ గుమ్మడూరులోని చైర్మన్ గారి వియ్యంకుడి దగ్గర. ఈయన ఒక్క ఫోను చేస్తే అది దిగేది. ఈ మాట మూడో వార్డు కౌన్సిలరు మీటింగులో అనేశాడు కూడా. అలా ఫోను చేయడం ఒక పక్షం వహించడం అవుతుందని మా కమిషనర్ శేషశాయి గారు అతనికి మర్యాదగా వివరించి, ఆ మాటను మినిట్స్‌లోంచి తీయించారు. తీర్మానం ఆయనే చదివారు.

"ఇరుగుపొరుగు గ్రామముల నడుమ తలెత్తిన ప్రత్యేక పరిస్థితిని పురస్కరించుకొని, వేములకట్ట నగర పంచాయతీ సర్వకాల సర్వావస్థలయందును తటస్థముగా వ్యవహరించునని ఏకగ్రీవముగా తీర్మానించడమైనది."

ఆ రోజు నుంచి ఆఫీసులో తగాదా అన్న మాట నిషేధం. ప్రత్యేక పరిస్థితి అనే అనాలి. ఊరి పొలిమేర రాళ్ళకు సున్నం కొట్టారు. ఉద్యోగులెవరూ డ్యూటీ టైములో వాటిని దాటకూడదని సర్క్యులర్ వచ్చింది. రెండు గుమ్మడూళ్ళ వాళ్ళు ఎదురుపడితే ఉద్యోగులు తల ఊపకూడదని ఇంకో సర్క్యులర్ వచ్చింది. నిలువుగా ఊపితే ఒకరికి మద్దతు, అడ్డంగా ఊపితే ఇంకొకరికి. మా అటెండరుకు పుట్టినప్పటి నుంచీ తల అదురుతుంది. వాణ్ణి నెల్లాళ్ళు సెలవు పెట్టించి ఇంటికి పంపేశారు.

ఇక పైలట్లు ఎక్కడ దొరుకుతారు? మా ఆకాశంలో కొంగలు తప్ప ఏమీ ఎగరవు. చైర్మన్ గారు రెండు రోజులు ఆలోచించి, ఆఫీసు వెనకాల పాడుపడ్డ బందెలదొడ్డిని గుర్తుచేసుకున్నారు. పూర్వం పరాయి చేలల్లో పడ్డ పశువుల్ని తోలుకొచ్చి అందులో కట్టేవారు. విరిగిన కుర్చీలన్నీ బయట పారేయించి, గోడలకు సున్నం వేయించి, మధ్యలో కంచె కట్టించి, అటు "ఎగువ విభాగము", ఇటు "దిగువ విభాగము" అని బోర్డులు పెట్టించారు. ప్రత్యేక పరిస్థితి ముగిసేదాకా ఏ ఊరి పశువు మా పొలిమేర దాటినా నిర్బంధంలోకి తీసుకోవాలి. దీనికి ఇన్‌చార్జి నేను. పేరు అబ్బులు, జూనియర్ అసిస్టెంటుని, అప్పటిదాకా జనన మరణాల రిజిస్టరు రాసుకునేవాణ్ణి. పుట్టడం, చావడం చూస్తున్నారు కదా, మధ్యలోది కూడా చూసుకోండి అన్నారు కమిషనర్ గారు. ఆయన సరదాగా అన్న మాట ఇదొక్కటే నేను విన్నది.

మొదటి నిర్బంధం మర్నాడు పదకొండు గంటలకు జరిగింది. పొలిమేర రాయి దగ్గర కాపలా ఉన్న ఇద్దరు శానిటరీ వర్కర్లు ఒక గేదెనూ, దాని పలుపు వదలకుండా పట్టుకున్న ఒక ఆడమనిషినీ ఆఫీసు ముందుకు తీసుకొచ్చారు. ఆవిడ దిగువ గుమ్మడూరు గుబ్బల నూకరత్నం. మొగుడు పోయి నాలుగేళ్ళయింది. ఉన్నది ఆ గేదె ఒక్కటే. అది నిండు చూడి, పది రోజుల్లో ఈనుతుంది. కిందటి ఈతలో దూడ చచ్చిపోయింది, అప్పట్నుంచి పాలు లేక గేదె ఒట్టిపోయి ఉంది, ఆవిడ కూలికి పోయి దాన్ని మేపుతోంది. ఈసారి దూడ బతికితే ఇల్లు నిలబడుతుంది. దూడ అడ్డం తిరిగిందేమోనని అనుమానం వచ్చి మా ఊళ్ళో పశువుల ఆసుపత్రికి తోలుకొస్తోంది. ఇదంతా ఆవిడ గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

శేషశాయి గారు శ్రద్ధగా విని, ఈ గేదె ఏ పక్షానికి చెందినదని అడిగారు.

"పచ్చమేటండి? పాడి గేదండి. మాలచ్చి అంటామండి," అంది నూకరత్నం.

"ఏ గ్రామంలో జన్మించింది?"

"మా సావిట్లోనే పుట్టిందండి."

"అనగా జన్మతః వైరిపక్షం," అన్నారాయన నా వైపు తిరిగి. "రాయండి, అబ్బులు గారూ."

నేను రాశాను. నిర్బంధిత నంబరు ఒకటి. పేరు మాలచ్చి. రంగు నలుపు. హోదా, వైరిపక్షం. నూకరత్నం నా కాగితం వంక చూసి, ఏటి రాత్తన్నారు బాబూ అని అడిగింది. ఊరికే, వివరాలమ్మా అన్నాను. నా గొంతు చాలా మెత్తగా ఉందని నాకే అనిపించింది.

తనకు సెంటు చేను కూడా లేదు, ఆ నీళ్ళ గొడవతో తనకేం పని అని ఆవిడ అడిగింది. కమిషనర్ గారి దగ్గర దీనికీ జవాబుంది. గేదె తినేది దిగువ గడ్డి. ఆ గడ్డి పెరిగింది వివాదాస్పద జలాలతో. కనుక గేదె నరనరానా వివాదం ప్రవహిస్తోంది. చేత్తో నెత్తి బాదుకుంటూ ఆవిడ అక్కడే కూలబడింది. గేదెను దిగువ విభాగంలో కట్టేశారు.

సాయంత్రం చైర్మన్ గారు తనిఖీకి వచ్చి, ఒకే పక్షం వాళ్ళుంటే తటస్థత ఎలా అవుతుందయ్యా అని బాధపడ్డారు. నిజమే మరి. అదృష్టవశాత్తూ ఎగువ గుమ్మడూరు గేదెలు రోజూ వచ్చి మా మురుగ్గుంటలో పొర్లుతాయి. మర్నాడు పొద్దున్నే పదకొండింటిని బురదలోంచి లేపి తోలుకొచ్చారు. ఎగువ విభాగం నిండిపోయింది. చైర్మన్ గారు కంచె దగ్గర నిలబడి అటూ ఇటూ చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఇరవై నిమిషాల్లో ఫోను మోగింది. ఆ పదకొండూ వియ్యంకుడివి. చైర్మన్ గారు కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడారు. అలాగే బావగారూ, పొరపాటు బావగారూ, ఇప్పుడే బావగారూ అన్న మూడు మాటలు మాత్రం మా అందరికీ వినిపించాయి.

ఫోను పెట్టేసి ఆయన ఏమీ తడబడలేదు. ఐర్లాండులో కూడా అచ్చం ఇలాగే అయిందన్నారు. అక్కడ ఒక పక్షం పైలట్లను ఉంచి, రెండో పక్షం వాళ్ళను మాత్రం వీళ్ళు యుద్ధం పని మీద రాలేదు, శిక్షణలో దారి తప్పారు అని సరిహద్దు దాకా సాగనంపేవారట. ఆ రెండో పక్షం వాళ్ళు పక్కింటివాళ్ళు, బలమున్నవాళ్ళు. దీని మీద కమిషనర్ గారు భోజనాల వేళకల్లా ఉత్తర్వు తయారు చేశారు. దాని ప్రకారం పశువులు రెండు రకాలు: కార్యాచరణలో ఉన్నవి, కార్యాచరణలో లేనివి. ఎగువ గేదెలు బురదలో పడుకుని ఏ కార్యమూ చేయడం లేదు కనుక వదిలేయవచ్చు. నూకరత్నం గేదె ఒక నిర్దిష్ట ప్రయోజనంతో, నిర్దిష్ట దిశగా నడుస్తోంది. పైగా అది చూడిది, వైరిపక్షం సంఖ్యను పెంచే ఉద్దేశంలో ఉంది. పదకొండు గేదెలూ వెనక గేటు గుండా వెళ్ళిపోయాయి. నేను రిజిస్టరులో "ఎగువ విభాగము: ఖాళీ. సమతుల్యత పాటించడమైనది" అని రాశాను.

మేత దగ్గర కూడా పక్షపాతం పనికిరాదు. సగం గడ్డి ఎగువ నుంచి, సగం దిగువ నుంచి తేవాలని నియమం. ఎగువ వాళ్ళు మా గేదెలు మీ దగ్గర లేవు, మేమెందుకిస్తాం అన్నారు. అందువల్ల దిగువ సగమే వచ్చింది. నిండు చూడి గేదె సగం కడుపుతో నిలబడి కంచె నాకుతుంటే చూసి జాలిపడ్డాను. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. నూకరత్నం మాత్రం రోజూ రెండు పూటలా మూడు కిలోమీటర్లు నడిచి, మోపెడు పచ్చగడ్డి నెత్తిన పెట్టుకొచ్చేది. కుడితి బకెట్టు లోపలికి తేవడానికి ఆవిడకు పాసు కావాలన్నారు. ఆ పాసూ నేనే రాశాను.

నాలుగో రోజున ఆవిడ గడ్డి మోపు దించి ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. ఏడవలేదు, అరవలేదు. ఎవరు లోపలికి వెళ్ళినా వాళ్ళ మొహం వంక చూస్తూ కూర్చుంది. చైర్మన్ గారు మధ్యాహ్నానికి కరిగిపోయారు. ఆయన చెడ్డవాడు కాదు, ఈ మాట ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు. మాట మీద విడుదల చేద్దాం, సైకిలొక్కటే ఇవ్వలేం అన్నారు.

పూచీపత్రం కమిషనర్ గారు చెప్తే నేను రాశాను. నిర్బంధిత నంబరు ఒకటి తన ఆత్మగౌరవం సాక్షిగా ఉదయం ఆరు గంటలకు బయటికి వెళ్ళి సాయంత్రం ఆరు గంటలకు తిరిగి రాగలదని, ఈ మధ్యకాలంలో వైరిపక్షానికి ఎట్టి సహాయమూ చేయబోదని అందులో ఉంది. గేదె ముందు కాలి గిట్టను స్టాంపుప్యాడుకు అద్ది ముద్ర వేయించాం. ప్యాడు రెండు ముక్కలైంది.

మర్నాడు పొద్దున నేను వాళ్ళను పొలిమేర దాకా దిగబెట్టి, చుట్టూ చూసి, మళ్ళీ తీసుకురాకు అని నూకరత్నంతో గొణిగాను. ఆ గొణుగుడు నా సర్వీసులో నేను చేసిన అతి పెద్ద సాహసం. ఆవిడ తల ఊపి వెళ్ళిపోయింది. సాయంత్రం ఆరైంది, ఏడైంది. గేదె రాలేదు. నేను ఇంటికెళ్ళి హాయిగా భోంచేశాను.

మాట తప్పిన గేదెను ఏం చేయాలో కమిషనర్ గారికి తెలుసు. ఐర్లాండులో ఒక పైలట్ ఇలాగే పారిపోతే, అతని సొంత ప్రభుత్వమే తిప్పి పంపిందట. శేషశాయి గారు దిగువ గుమ్మడూరు ప్రెసిడెంటు ధర్మారాయుడికి లేఖ రాశారు. "మాన్యశ్రీ దిగువ గుమ్మడూరు అధినేత వారి దివ్యసముఖమునకు" అని మొదలై, ఇరు పాలనల మధ్య నెలకొన్న సుహృద్భావ సంబంధాల మీదుగా, గేదె దగ్గర ముగిసింది.

ధర్మారాయుడికి అంతవరకు ప్రభుత్వం నుంచి వచ్చిన కాగితాలన్నీ "తక్షణమే హాజరు కావలెను" అనే చెప్పాయి. అధినేత అని ఆయన్ను కట్టుకున్న భార్య కూడా అనలేదు. లేఖను నాలుగుసార్లు పైకి చదివించుకుని, లామినేషన్ చేయించి, మర్నాడు ఉదయం తప్పెట్లు కొట్టించుకుంటూ, గేదె మెడలో బంతిపూల దండ వేయించి, స్వయంగా తోలుకొచ్చాడు. వెనకాల నూకరత్నం కొంగు నోట్లో కుక్కుకుని నడుస్తోంది. ఊరంతా కలిసి ఒక్క గేదె కోసం ఊరి పరువు తీస్తావా అని అడిగితే ఆవిడేం చేస్తుంది?

"మాటంటే మాటేనండి మా ఊరిది," అన్నాడు ధర్మారాయుడు.

చైర్మన్ గారు ఆయనకు శాలువా కప్పారు, ఆయన చైర్మన్ గారికి శాలువా కప్పాడు. ఫొటో తీశారు. నీళ్ళ మాట ఎవరూ ఎత్తలేదు, అంత మర్యాదగా జరిగింది కార్యక్రమం. గేదెను మళ్ళీ కట్టేశారు.

ఎనిమిదో రోజు మిట్టమధ్యాహ్నం మాలచ్చికి నొప్పులొచ్చాయి. నూకరత్నం అనుమానమే నిజమైంది. దూడ కాలొకటే బయటికొచ్చింది, రెండోది లోపల మడతపడింది. పశువుల ఆసుపత్రి బందెలదొడ్డికి రోడ్డుకవతల. డాక్టరు గారు సంచీ పట్టుకుని గేటు దాకా వచ్చేశారు. లోపలికి మాత్రం రాకూడదు. వైరిపక్షపు పశువుకు మన ఊరి డాక్టరు చేయి వేస్తే అది సహాయం. సహాయానికి మూడు అనుమతులు కావాలి: చైర్మన్ గారిది, కౌన్సిలుది, మూడోది ఐక్యరాజ్యసమితిది. సమితి మనకు పలకదు కనుక దాని స్థానంలో మండల సర్వసభ్య సమావేశాన్ని పెట్టుకున్నాం. అది మూడు నెలలకోసారి జరుగుతుంది. కిందటిది మొన్ననే అయింది.

శేషశాయి గారు నిజంగానే కంగారుపడ్డారు. ఆయన నుదుటి మీద చెమట నేను చూశాను. చైర్మన్ గారికి ఒక ఉపాయం తోచింది. అదే సమయానికి ఎగువ విభాగంలో కూడా ఒక గేదెకు వైద్యం జరిగితే అది సహాయం కాదు, సమదృష్టి. ఎగువ విభాగం ఖాళీ కనుక వియ్యంకుణ్ణి ఒక గేదె అప్పడిగి తీసుకురమ్మని మోటారుసైకిలు మీద మనిషిని పంపారు.

ఈలోగా నూకరత్నం చేతికి కొబ్బరినూనె రాసుకుని, మోచేతి దాకా లోపలికి పెట్టి, మడతపడ్డ కాలు వెతుకుతోంది. గేదె కళ్ళు తేలేస్తోంది. ఆవిడ తల తిప్పకుండానే నన్ను పిలిచింది.

"కాళ్ళట్టుకోండి బాబూ. నేను సెప్పినప్పుడు లాగండి."

నేను వెనక్కి చూశాను. వరండాలో ఎవరూ లేరు, అందరూ రోడ్డు మీద ఎగువ గేదె కోసం ఎదురు చూస్తున్నారు. అప్పుడు పట్టుకున్నాను. ఆవిడ అమ్మా అంటే లాగాను, ఆగమంటే ఆగాను. దూడ జారి నా ఒళ్ళో పడింది. కదల్లేదు. నూకరత్నం దాని ముక్కులోంచి చీమిడి తీసి, ముక్కులో గడ్డిపరక పెట్టి తిప్పింది. రెండోసారి తిప్పితే దూడ తుమ్మింది. పెయ్యదూడ. ఆవిడ దాని మీద పడి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, ఏడ్చాను.

అప్పుడొచ్చింది ట్రాక్టరు ట్రక్కులో వియ్యంకుడి గేదె. దానికి డాక్టరు గారు ఒక బలం ఇంజెక్షను చేశారు. అది సమదృష్టి కింద నమోదైంది. మాలచ్చి జున్నుపాలు రెండు ఊళ్ళకూ చెరిసగం పంపాలని కమిషనర్ గారు అనబోతే, దూడ తాగాలండి అని నూకరత్నం ఆయన మొహం మీదే అంది. ఆయన ఆ అంశాన్ని వాయిదా వేశారు.

మర్నాడు సీజను అయిపోయిందని కాలువలు కట్టేశారు. నీళ్ళు లేవు కనుక వంతులు లేవు. దిగువ గుమ్మడూరులో మూడొందల ఎకరాలు తాలుపోయాయి. పంట లేనివాళ్ళకు నీళ్ళతో పనేముంది? ప్రత్యేక పరిస్థితి ముగిసినట్టు కమిషనర్ గారు ప్రకటించి, తటస్థ విధానం సంపూర్ణ విజయం సాధించిందని నోటీసుబోర్డుకు అంటించారు. నిర్బంధితురాలిని విడుదల చేస్తూ ఉత్తర్వు వచ్చింది. అందులో మాలచ్చి పేరొక్కటే ఉంది.

మరి పెయ్యో అని నూకరత్నం అడిగింది. చైర్మన్ గారే స్వయంగా బయటికొచ్చి, చేతులు జోడించి, ఆవిడకు విషయం చెప్పారు. పెయ్య పుట్టింది దిగువలో కాదు, ఎగువలోనూ కాదు. మన తటస్థ భూమి మీద పుట్టిన మొట్టమొదటి జీవి అది. దాని మీద ఏ పక్షానికీ హక్కు లేదు. దానికి శాంతి అని పేరు పెట్టి ఇక్కడే పెంచుతాం. మిగతా ఊళ్ళ వాళ్ళు వచ్చి చూసి నేర్చుకుంటారు. ఈ మాటలంటుంటే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తల్లి లేపోతే పెయ్య బతకదండి," అంది నూకరత్నం. "పెయ్య కుడవకపోతే తల్లి సేపదండి, పాలియ్యదండి. రెండూ పోతాయండి నాకు."

పెయ్యకు ప్యాకెట్టు పాలు ఏర్పాటు చేశామన్నారు కమిషనర్ గారు. గేదెను నలుగురు కలిసి గేటు దాకా ఈడిస్తే, అది వెనక్కి తిరిగి కంచె మీద పడింది. లోపల పెయ్య అరుస్తోంది, బయట తల్లి అరుస్తోంది. రెండు రోజులు అలాగే నడిచింది. రెండో రోజుకి పెయ్య డొక్కలు లోపలికి పోయాయి. నూకరత్నం గేటు ఊచలు పట్టుకుని, అమ్మా నా తల్లీ అంటోంది. ఎవర్నంటోందో తెలియదు.

ఆ మధ్యాహ్నం నేను క్యారేజీ విప్పకుండా ఒక నోటు రాసి పెట్టాను.

"పెయ్యదూడ జననము మొదలు వైరిపక్షపు గేదె నుండి ముర్రుపాలు స్వీకరించియున్నది. ఇది విదేశీ సహాయము. దీనికి మూడు అనుమతులలో ఒక్కటియు లేదు. కావున పెయ్య తటస్థమని చెప్పుటకు వీలులేదు. దానిని మన పరిధిలో ఉంచుకొనుట మన విధానమునకు తీరని కళంకము. తక్షణమే బహిష్కరించవలెను. బండి ఖర్చు లేకుండ తల్లితోపాటు తోలివేయవచ్చును."

శేషశాయి గారు దాన్ని మూడుసార్లు చదివారు. మూడోసారి చదివాక లేచి తలుపు వేశారు. పాలు తాగుతున్నప్పుడు ఎవరైనా చూశారా అని మెల్లిగా అడిగారు. ఊరంతా చూసిందండీ అన్నాను. వెంటనే ఆకుపచ్చ సిరాతో సంతకం చేసి, గంటలోపల పొలిమేర దాటించాలని రాశారు. చైర్మన్ గారు కూడా నోటు చదివి, నియమం నియమమే అన్నారు. పెయ్య మెడలోంచి శాంతి అన్న బిళ్ళ ఆయనే విప్పారు.

నాలుగున్నరకి బయల్దేరాం. నూకరత్నం పలుపు పట్టుకుని ముందు, నేను పెయ్యను భుజాన వేసుకుని వెనక. నడవగల ఓపిక దానికి లేదు. నా మనసు మాత్రం తేలిగ్గా ఉంది. దార్లో నలుగురు చూశారు కూడా. పొలిమేర రాయి దగ్గరికి వచ్చాక పెయ్యను కిందికి దించి, ఇక్కడిదాకానే నూకరత్నం అన్నాను.

ఆవిడకు అర్థం కాలేదు. ఎదర రెండు కిలోమీటర్లుంది, ఇది నడవదు, గేదెని నేనొదిలితే వెనక్కి పారిపోతాది అంది. ఉద్యోగులు డ్యూటీ టైములో ఏ గుమ్మడూరి వైపూ రాయి దాటకూడదనే సర్క్యులర్ ఇంకా రద్దు కాలేదని చెప్పాను. రేపో ఎల్లుండో అవుతుంది. పెయ్యను విడిపించిన నోటు రాసింది నేనేనని కూడా చెప్పాను. దాచుకోవడమెందుకు, ఒక మంచిమాట వింటానని ఆశపడ్డాను.

"మీరేనా బాబూ," అంది.

"నేనే."

"మొదటి రోజు రాసింది కూడా మీరేగదండి."

ఆవిడ మొహంలో కోపం లేదు. తెలియక అడిగినట్టే అడిగింది.

"సైర్మన్ గారు సెడ్డోరు కాదంట. కమీసనరు గారు రూలు పెకారం సేశారంట. మా పెసిడెంటు మాట నిలబెట్టేడంట. మీరు నా మేలు కోరినోరు. ఎవురూ నాకు సెడ్డ సెయ్యలేదండి. మరి నా గేదెని ఇన్నాళ్ళు కట్టేసిందెవరంటారు బాబూ?"

ఆవిడ పలుపు కొసను నడుముకు చుట్టి ముడి వేసుకుంది. వంగి పెయ్యను రెండు చేతులా ఎత్తుకుంది. పదడుగులు వేసి దించింది, ఊపిరి పీల్చుకుంది, మళ్ళీ ఎత్తుకుని పదడుగులు వేసింది. గేదె పెయ్యను నాకుతూ వెంట నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు ఆవిడ.

ఎండ నా వీపు వైపు నుంచి పడుతోంది. చూస్తే నా నీడ తల, భుజాలు రాయి దాటి అవతల రోడ్డు మీద పడి ఉన్నాయి. ఎవరైనా చూస్తారేమోనని నాలుగడుగులు వెనక్కి జరిగాను.